యార్డుకు దూరమైన మనిషికి హాబీలు ఎందుకు అతకలేదు: గుంటూరు నుంచి ఒక కేసు

పనిలో దిగితే తిండి సంగతి కూడా మర్చిపోయే మనిషి, ఆ పని చేజారాక దేనిమీదా పది నిమిషాలు కూర్చోలేకపోతే ఇంట్లోవాళ్లు సాధారణంగా చెప్పే మాట ఒకటే: ఏదైనా హాబీ పెట్టుకో. ఈ కేసులో ఆ సలహా వరసగా విఫలమైంది. ఎందుకు విఫలమైందో వెతుకుతూ పోతే, ఫ్లో (పనిలో పూర్తిగా లీనమై కాలం తెలియకుండా పోయే స్థితి) అనే అనుభవానికి ఏ పని చేస్తున్నామన్నది ఒక్కటే చాలదని తెలిసింది. చేసే మనిషి స్వభావం ఎలాంటిది, అతను ఆ పని ఎవరి కోసం, ఎందుకు చేస్తున్నాడు అన్నవి కూడా అంతే ముఖ్యం. నాలాగా కౌన్సెలింగ్ చేసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఆయన అనుమతి ఉంది. పేరు, ఊరు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఇక్కడ ఆయన్ని మూర్తిగారు అంటాను.

నేపథ్యం

మూర్తిగారు యాభైల చివర్లో ఉన్నారు. ఇంటర్‌తో చదువు ఆపేసి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేరారు. కొన్నేళ్లకు ఒక ఎగుమతి వ్యాపారి దగ్గర సరుకు చూసి కొనే పనికి మారారు. మిగతా జీవితమంతా ఆ పనే. పొద్దున్నే టిక్కీల (మిర్చి బస్తాల) వరసల మధ్య నడవడం, మూతి విప్పిన టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీయడం, రంగు, తొడిమ, తేమ చూసి, తాలు (రంగు పోయిన కాయ) ఎంత కలిసిందో అంచనా కట్టి ధర చెప్పడం. ఇది తేజా రకమా, 334 రకమా, అందులో ఇంకేమైనా కలిపారా అన్నది ఆయనకు ఒక్క చూపులో తెలిసేది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు పోటెత్తే రోజుల్లో పొద్దున యార్డులోకి దిగితే టిఫిన్ తినలేదని మధ్యాహ్నం గుర్తొచ్చేదట.

ఈ వర్ణన విన్నవెంటనే నాకు ఫ్లో పరిశోధన గుర్తొచ్చింది. మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి 1970లలో చిత్రకారులను, చదరంగం ఆడేవాళ్లను, పర్వతారోహకులను, సర్జన్లను అడిగి తెలుసుకున్న లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి. లక్ష్యం స్పష్టం: ఈ లాటు కొనాలా, వద్దా, ఎంతకు. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది: పక్కవాడు ఎంత పాట పాడాడో చూస్తే చాలు. పని కష్టం, చేతిలోని నేర్పు ఒకదానికొకటి తూగుతాయి. చేస్తున్నంతసేపూ తన గురించి తాను ఆలోచించుకునే తీరిక ఉండదు, గంటలు తెలియకుండా గడిచిపోతాయి.

తర్వాత ఆయనకు ఆయాసం మొదలైంది. మొదట్లో మిర్చి ఘాటుకే అనుకుని మాస్కు కట్టుకుని తిరిగారు. రెండుసార్లు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చాక, ఛాతీ డాక్టరు ఉబ్బసమని తేల్చి, మిర్చి దుమ్ము ఉన్న చోటికి ఇక వెళ్లొద్దని కచ్చితంగా చెప్పారు. ఇన్‌హేలర్ మొదలైంది, యార్డు ఆగిపోయింది.

వచ్చిన సమస్య

తీసుకొచ్చింది భార్య. "ఇంట్లో ఉన్నా లేనట్టే అమ్మా. టీవీ పెడతారు, చూడరు. పేపరు తీస్తారు, పక్కన పడేస్తారు. వంటింట్లోకి వచ్చి పప్పు ఎంత పోశావు, నూనె ఎంత పోశావు అని అడుగుతారు" అన్నారామె. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "పొద్దు పోవట్లేదమ్మా, అంతే. ఇంకేం లేదు" అన్నారు. నిద్ర కలతగా ఉంది. చిన్న విషయాలకు కోపం. ఒకసారి ఎవరికీ చెప్పకుండా యార్డుకు వెళ్లి, ఆయాసంతో ఆటోలో తిరిగొచ్చారని ఆ తర్వాత తెలిసింది.

మొదటి నిర్ణయం ఇది డిప్రెషనా కాదా అన్నది. పీహెచ్‌క్యూ-9 అనే, డిప్రెషన్ తీవ్రతను కొలిచే ప్రశ్నావళిలో 27కి 11 వచ్చింది. అంటే మధ్యస్థం. చనిపోవాలన్న ఆలోచనల ప్రశ్నకు సున్నా. ఆకలి బాగానే ఉంది, మనవరాలి వీడియో కాల్ కోసం ఎదురుచూస్తారు, పాత స్నేహితులు వస్తే మాటలు కలుస్తాయి. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించమన్నాను, మామూలుగానే వచ్చాయి. సైకియాట్రిస్టుకు చూపించే దారి తెరిచే ఉంచాను. నెలలోపు స్కోరు పెరిగితే పంపుతానని ఇద్దరికీ ముందే చెప్పాను. సంతోషించే శక్తి పోలేదని, ఆ సంతోషం పుట్టే పరిస్థితులు పోయాయని నాకనిపించింది. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, చికిత్స మాత్రం వేరు. మొదటిదైతే మందు ముందు ఆలోచించాలి. రెండోదైతే ఆ పరిస్థితులు ఏమిటో కనుక్కోవాలి.

అప్పటికే చేసినవి

ఇంట్లోవాళ్లు ఊరుకోలేదు. బెంగళూరులో ఉన్న కూతురు రంగులు, బ్రష్షులు పంపి బొమ్మలు నేర్చుకునే క్లాసులో చేర్పించింది. మూడు క్లాసులకు మానేశారు. పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో నడక, తర్వాత అక్కడి బెంచీల మీద కబుర్లు. నడక నిలిచింది, కబుర్లు నిలవలేదు. గుడి కమిటీలో పేరు రాయించారు. ఒకసారి ప్రసాదం లెక్కల దగ్గర మాటామాటా వచ్చి అదీ ఆగింది. బావమరిది క్యారమ్స్ బోర్డు తెచ్చిపెట్టాడు. మొదటివారం ఆడారు.

నా మొదటి ప్రణాళిక ఇంతకంటే పద్ధతిగా ఉంది కానీ, దాని వెనక ఊహ కూడా దాదాపు అదే. ఫ్లోకు కష్టం, నేర్పు సమానంగా ఉండాలన్న సూత్రం పట్టుకుని, కొంచెం కష్టమైన పని తీసుకుని, నేర్పు పెరిగేకొద్దీ కష్టం పెంచుకుంటూ పోదామన్నాను. ఫోన్‌లో చదరంగం. ఓడించే స్థాయి యాప్ దానంతటదే సర్దుతుంది కాబట్టి పుస్తకంలో చెప్పినట్టే ఉంటుందనుకున్నాం. ఆయన చిన్నప్పుడు ఆడిన ఆటే. రెండు వారాల తర్వాత, "ఓడిపోయేలా ఉంటే ఫోన్ పక్కన పెట్టేస్తున్నా. గెలిచేలా ఉంటే ఎందుకు ఆడుతున్నానా అనిపిస్తోంది" అన్నారు. ఈ వాక్యాన్ని నోట్సులో గుర్తు పెట్టుకున్నాను. కేసు తాళంచెవి అందులోనే ఉంది. ఓటమి దగ్గర పడితే భయం, గెలుపు దగ్గర పడితే అర్థం లేకపోవడం. మొదటిది స్వభావానికి సంబంధించింది, రెండోది కారణానికి సంబంధించింది. సూత్రం ఈ రెండింటి గురించీ ఏమీ చెప్పడం లేదు.

అలారం పుస్తకం

అందుకే పనులు సూచించడం ఆపి, ఆయన రోజును ఉన్నది ఉన్నట్టుగా చూద్దామనుకున్నాను. చిక్‌సెంట్‌మిహాయి బృందం పరిశోధనలో పాల్గొన్నవాళ్లకు పేజర్లు ఇచ్చి, అవి ఎప్పుడంటే అప్పుడు మోగినప్పుడు ఆ క్షణంలో ఏం చేస్తున్నారో రాయించేది. నేను ఫోన్ అలారంతో అదే చేశాను. రోజుకు ఆరుసార్లు, వేళలు మార్చి మార్చి. మోగినప్పుడు చిన్న పుస్తకంలో నాలుగు ముక్కలు రాయాలి: ఏం చేస్తున్నాను, ఎంత కష్టంగా ఉంది, నాకు ఎంత చేతనవును, ఇది నేను కోరి చేస్తున్నానా. ఒక వారం.

ఈ పద్ధతి ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తర్వాత గుర్తు చేసుకుని చెప్పినప్పుడు మనుషులు తమ రోజును తమ గురించి తామనుకున్నదానికి తగ్గట్టు చెబుతారు. 1989లో చిక్‌సెంట్‌మిహాయి, జుడిత్ లఫెవర్ ప్రచురించిన పరిశోధనలో ఉద్యోగులకు ఫ్లో లాంటి క్షణాలు తీరిక వేళల కన్నా పనిలోనే ఎక్కువ వచ్చాయి. అయినా పనిలో ఉన్నప్పుడు వాళ్లు "ఇంకోచోట ఉంటే బాగుండు" అనే ఎక్కువ రాశారు. మూర్తిగారి విషయంలో ఇది మరీ పెద్ద ప్రశ్న. రిటైరైతే హాయి అని ఊరంతా అంటున్నప్పుడు, పనే హాయి అని ఒప్పుకోవడం ఆయనకు కష్టం.

మూర్తిగారు పుస్తకం చాలా శ్రద్ధగా రాశారు. అక్షరాలు కూడా ఖాతా పుస్తకంలోలాగా వరసగా. ఎక్కువ చోట్ల "టీవీ. కష్టం లేదు. చేతనవును. లేదు." ఇలాంటివే. నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఖాళీ గడులు. మామూలు రోజుల్లో ఎప్పుడో ఒకటి వదిలేశారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వరసగా మూడు ఖాళీలు. "అలారం వినపళ్లేదమ్మా, సారీ" అన్నారు. ఏం చేస్తున్నారని అడిగితే ముందు పెద్దగా పట్టించుకోలేదు. "ఏం లేదు. అన్నయ్య కొడుకు పొలం కాయితాలు తెచ్చాడు, చూస్తున్నా."

తర్వాత చెప్పిన వివరం ఇది. పల్నాడు వైపు వాళ్ల ఊళ్లో రీసర్వే అయ్యాక పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అన్నదమ్ములు నలుగురి పంపకాల్లో విస్తీర్ణం అక్కడో రెండు సెంట్లు, ఇక్కడో ఐదు సెంట్లు తేడా పడింది. ఒకరి పేరు తప్పుగా ఎక్కింది. పాత పాసుపుస్తకం, 1బి (హక్కుల రికార్డు), అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డు), దస్తావేజు, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) అన్నీ నేల మీద పరిచి, హద్దులు ఒక్కొక్కటి పోల్చి, ఎక్కడ తప్పు దొర్లిందో కనిపెట్టడంలో పడ్డారు. మూడు గంటలు. భార్య కాఫీ తెస్తే చల్లారిపోయింది.

ఆయన స్వభావం

ఇక్కడ ఆగి వ్యక్తిత్వాన్ని పరిశీలించాను. ఐదు ప్రధాన లక్షణాల ప్రశ్నావళిని తెలుగులో, మాటల్లో అడిగాను. అంకెలు వేసుకున్నాను గానీ వాటికంటే సంభాషణకే విలువిచ్చాను. పద్ధతి, బాధ్యత చాలా ఎక్కువ. కొత్తవాటి మీద కుతూహలం తక్కువ. ఆందోళన స్వభావం ఎక్కువే. నలుగురిలో ఉండటం పర్వాలేదు గానీ, నలుగురి ముందు నేర్చుకోవడం అస్సలు గిట్టదు. బొమ్మల క్లాసులో తన పక్కన కూర్చున్న పిల్లాడు తనకంటే బాగా గీస్తే ఇంటికొచ్చి అన్నం తినలేదని అప్పుడు బయటపడింది.

2012లో స్వీడన్‌లో ఫ్రెడ్రిక్ ఊలెన్ బృందం ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొచ్చింది. రోజువారీ జీవితంలో ఫ్లో తరచుగా అనుభవించేవాళ్లలో ఆందోళన స్వభావం తక్కువగా, బాధ్యతాగుణం ఎక్కువగా ఉంది. తెలివితేటల పరీక్షలో వచ్చే మార్కులకూ ఫ్లోకూ సంబంధం కనిపించలేదు. మూర్తిగారిలో ఒక లక్షణం ఫ్లో వైపు లాగుతోంది, ఇంకోటి అడ్డుపడుతోంది. పద్ధతిగా, లోతుగా చేసే పని దొరికితే ముందుది పైచేయి. తప్పు చేస్తానేమోనన్న భయం పుట్టే చోట రెండోది పైచేయి. కొత్త హాబీలన్నీ ఈ రెండో రకమే. ఎంత సరదా హాబీ అయినా యాభై దాటినవాణ్ని మొదటి మెట్టు మీదే నిలబెడుతుంది.

కానీ యార్డు? అక్కడ తప్పు ధర చెబితే లక్షల్లో నష్టం. భయస్తుడైన మనిషి అక్కడ ఎలా లీనమయ్యాడు? ఇది నన్ను చాలా ఆలోచింపజేసింది. దీనికి 2008లో స్టెఫాన్ ఎంగెసర్, ఫాల్కో రైన్‌బర్గ్ చేసిన పరిశోధన దారి చూపింది. పరీక్షకు స్టాటిస్టిక్స్ చదువుతున్న విద్యార్థుల మీద, పాక్‌మాన్ ఆడినవాళ్ల మీద చూస్తే, కష్టం, నేర్పు సమానంగా ఉంటేనే ఫ్లో అన్న సూత్రం అందరికీ ఒకేలా పనిచేయలేదు. గెలుస్తామన్న ఆశ బలంగా ఉన్నవాళ్లకు సమతూకం పనికొచ్చింది, ఓడిపోతామన్న భయం ఉన్నవాళ్లకు అంతగా కాదు. ఫలితం ముఖ్యమైన పనుల్లోనైతే కష్టం కన్నా నేర్పు పైచేయిగా ఉన్నప్పుడే ఫ్లో ఎక్కువ.

యార్డులో మూర్తిగారి నేర్పు పని కష్టాన్ని ఎప్పుడో దాటిపోయింది. వేలాది లాట్లు చూసిన చెయ్యి అది. పందెం పెద్దదే అయినా అక్కడ ఆయన భయపడాల్సిన అవసరం రాలేదు. ఇంకో సంగతి కూడా ఆయన మాటల్లోనే వచ్చింది. "సేటు ఎప్పుడూ ధర అడగలేదమ్మా. నువ్వు చూసుకో అనేవాడు." డెసీ, రైయన్‌ల స్వయంనిర్ణయ సిద్ధాంతం చెప్పే మూడు అవసరాల్లో (సొంత నిర్ణయం, సమర్థత, మనుషులతో అనుబంధం) రెండు ఆ ఒక్క మాటలో తీరాయి. మూడోది యార్డులోని హమాలీలు, రైతులు, పోటీ కొనుగోలుదారులతో ఏళ్ల పరిచయం తీర్చింది.

పొలం కాయితాల దగ్గర ఇవన్నీ మళ్లీ కనిపించాయి. పోల్చి చూసే కన్ను ఆయనకు ఎప్పటినుంచో ఉంది. ఏది దొర్లిందో, ఏది కలిసిందో పట్టేయడం అలవాటు. సెంట్లు కలిపితే ఎకరం లెక్క సరిపోతుంది లేదా సరిపోదు, మధ్యస్థం లేదు. తప్పు చేసినా చూసేది తానొక్కడే, తర్వాత దిద్దుకోవచ్చు. పని అన్నయ్య కుటుంబం కోసం, తనకు తోచి మొదలుపెట్టింది.

ఏం చేశాను, ఏం చేయలేదు

ఇక్కడ నేను తీసుకున్న ముఖ్యమైన నిర్ణయం, ఈ పనిని హోంవర్కుగా ఇవ్వకపోవడం. "చాలా బాగుంది, రోజూ రెండు గంటలు పెట్టుకోండి" అని నేనన్నవెంటనే ఆ పని చేసే కారణం ఆయన చేతిలోంచి నా చేతికి వస్తుంది. కూతురు రంగులు పంపినప్పుడు జరిగింది అదే. ఆమె ప్రేమతోనే పంపింది, ఆయన మాత్రం ఆమె కోసం గీశారు, ఆమెకు ఫోటో పంపడం కోసం గీశారు, అది బాగోలేదని బాధపడ్డారు. బలవంతం లేకపోయినా, బాకీ తీరుస్తున్నట్టు చేసే పనిలో లీనం కావడం కష్టం.

అందుకని మెచ్చుకోవడం కూడా తగ్గించి, ప్రశ్నలు మాత్రం అడిగాను. ఏ కాయితం చూస్తుంటే మెదడు మొద్దుబారింది? ఎక్కడ తేలికైపోయి చిరాకు పుట్టింది? ఆ రోజు ఎవరైనా పక్కన ఉన్నారా? ఆయనే సమాధానాలు చెబుతూ పని తీరును సర్దుకున్నారు. మొదట సొంత కుటుంబం కాయితాలే. అందులో ఊరు, గట్లు, మనుషులు తెలిసినవే కాబట్టి నేర్పు పైచేయి. ఆ తర్వాత పక్కింటివాళ్లవి, ఆ తర్వాత తెలియని ఊళ్లవి. ఫోన్‌లో మీభూమి అనే ప్రభుత్వ భూరికార్డుల సైటు తెరిచి 1బి తీయడం రాదు. మేనల్లుడు నేర్పిస్తానంటే ఒప్పుకోలేదు. నాకు ఇక్కడ నెట్టాలనిపించింది, ఆగాను. నలుగురి ముందు నేర్చుకోవడం గిట్టదని తెలుసు కదా. రాత్రిపూట ఒంటరిగా, వీడియోలు చూసి నేర్చుకున్నారు. వారంలో వచ్చేసింది.

ఒక హద్దు మాత్రం నేనే పెట్టించాను. ఏది తప్పో చూపించడం వరకే, ఎవరిది హక్కో చెప్పడం వద్దు, దానికి లాయరు ఉన్నాడు, తహసీల్దారు ఆఫీసు ఉంది అని. ఇది న్యాయపరమైన జాగ్రత్తే అయినా చికిత్సకు కూడా పనికొచ్చింది. ఆయన భుజాల మీద పడే బాధ్యత తగ్గితే భయం తగ్గుతుంది. "నేను చూసి చెబుతా, చేసుకునేది మీరు" అని వచ్చినవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాక ఆయన గొంతులో పాత యార్డు ధీమా తిరిగొచ్చిందని భార్య చెప్పారు.

డబ్బు వచ్చినప్పుడు

బాగా సాగుతున్న సమయంలో తెలిసిన ఒక దస్తావేజు లేఖరి, ఫైలుకు ఇంతని ఇస్తాను, నాకు చూసిపెట్టండి అన్నాడు. ఇంట్లో అందరికీ నచ్చింది. ఆయనకూ నచ్చింది. నేను వద్దనలేదు, అలారం పుస్తకం మళ్లీ మొదలుపెట్టమన్నాను.

కొద్దిరోజుల్లోనే మార్పు కనిపించింది. "కోరి చేస్తున్నానా" అన్న గడిలో "లేదు" రావడం మొదలైంది. గడియారం చూస్తున్నారు. రాత్రి లేచి ఫైలు మళ్లీ చూస్తున్నారు. "డబ్బు తీసుకున్నాక ప్రతి కాయితం నాకు పరీక్ష పెడుతున్నట్టుందమ్మా. టెన్షన్ పట్టుకుంది" అన్నారు.

1971లో ఎడ్వర్డ్ డెసీ చేసిన ప్రయోగంలో సోమా పజిల్ ముక్కలు అమర్చడానికి విద్యార్థులకు ఒక్కో పజిల్‌కు ఒక డాలరు ఇచ్చారు. డబ్బు ఆపేశాక ఖాళీ సమయంలో ఆ పజిల్‌తో వాళ్లు గడిపిన సమయం, అసలు డబ్బే ఇవ్వనివాళ్లకంటే తగ్గింది. అయితే దీన్నిబట్టి డబ్బు ఫ్లోను చంపుతుందనుకుంటే యార్డు అనుభవానికి పొంతన కుదరదు. ముప్పై ఏళ్లు జీతం తీసుకుంటూనే ఆయన లీనమయ్యారు. ఇద్దరం కూర్చుని రెండింటి తేడా రాసుకున్నాం. యార్డులో నెల జీతం. ఒక లాటు తప్పినా జీతం మారదు, సేటు నమ్మకం మారదు. ఇక్కడ ఫైలు లెక్కన డబ్బు. ప్రతి ఫైలు ఆయన విలువను కొలిచే కాటా అయింది. మెప్పుగా వచ్చిన డబ్బుకీ, అదుపుగా వచ్చిన డబ్బుకీ తేడా ఉందని డెసీ, రైయన్ చెప్పేది ఇదే. ఆందోళన స్వభావం ఉన్న మనిషికి ఈ తేడా మరింత గట్టిగా తగులుతుంది. ధీమాగల మనిషి ఇదే ఫైలు లెక్కన మరింత ఉత్సాహంగా చేసి ఉండేవాడేమో.

మూడు దారులు ఆయన ముందుంచాను: నెలకింతని మాట్లాడుకోవడం, తీసుకోకపోవడం, లేదా అలాగే కొనసాగించి భయం మీద పనిచేయడం. మూడోది చికిత్సపరంగా చేయదగినదే. భయాన్ని తప్పించుకోకుండా ఎదుర్కోవడం నేర్పే పద్ధతులున్నాయి. కానీ ఇంటి ఖర్చులకు ఆ డబ్బు అవసరం లేదు, నిద్ర అప్పుడప్పుడే కుదుటపడుతోంది, ఉబ్బసం ఉన్న మనిషికి ఆందోళన తేలిగ్గా తీసుకునేది కాదు. ఆయన రెండోది ఎంచుకున్నారు. లేఖరికి మర్యాదగా చెప్పి మానుకున్నారు. "లేఖరి గదా, వాడికి రోజూ కావాలి. నాకు నచ్చినప్పుడు చూస్తా" అన్నారు.

ఎలా ఉన్నారు

పీహెచ్‌క్యూ-9 స్కోరు 4కి వచ్చింది. నిద్ర మెరుగైంది, వంటింట్లో లెక్కలు ఆగాయి. యార్డుకు దొంగతనంగా వెళ్లడం మళ్లీ జరగలేదు. సైకియాట్రిస్టు దగ్గరికి పంపాల్సిన అవసరం రాలేదు.

ఒక కొత్త చిక్కు వచ్చింది. కాయితాల్లో పడితే మధ్యాహ్నం ఇన్‌హేలర్, అన్నం రెండూ మర్చిపోతున్నారు. ఫ్లో గురించి రాసేవాళ్లు దీన్ని పెద్దగా ప్రస్తావించరు గానీ, దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్ల విషయంలో ఇది పక్కాగా చూసుకోవాలి. డైరీకి వాడిన అలారాన్నే ఇప్పుడు మందుల వేళకు మార్చాం. అదీ వినపడకపోతే వచ్చి కాయితాలు మూసేసే అధికారం భార్యకు ఆయనే ఇచ్చారు. ఆమె ఆ అధికారాన్ని బాగానే వాడుతున్నారు.

సాయంత్రాలు ఇంకా బాగోలేవు. ఆరు దాటాక కాయితాలు చూడరు, కళ్లు లాగుతాయంటారు, అప్పుడు పాత చిరాకు కొంత తిరిగొస్తుంది. అక్కడ ఇంకో పని పెట్టాలని కూతురు మళ్లీ అడిగింది. ఆమెతో ఫోన్‌లో మాట్లాడి, నాన్నకు ఏదైనా పంపేముందు అడగమని, అడిగాక "వద్దు" అంటే ఆ మాటను అలాగే తీసుకోమని చెప్పాను. ఆమెకు కొంచెం బాధ కలిగింది, అర్థం చేసుకుంది.

ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే మొదటి సెషన్‌లో నేనడిగే ప్రశ్నలు మారాయి. "మీకేమంటే ఇష్టం" అన్నది చివరికి జరిపాను, ఎందుకంటే మూర్తిగారికి పొలం కాయితాలంటే ఇష్టమని ఆయనకే తెలియదు. ముందు అడిగేది: ఏ పనిలో ఉన్నప్పుడు పిలిచినా వినపడేది కాదు? అందులో తప్పు చేస్తే ఎవరు చూసేవాళ్లు? నేర్చుకునేటప్పుడు ఒంటరిగా ఉండటం మేలా, గుంపులో మేలా? ఆ పని ఎవరి మాట మీద మొదలైంది, డబ్బు ఏ రూపంలో వచ్చేది? కొత్తదనం కోరే మనిషికి, ఓటమిని ఆటగా తీసుకునే మనిషికి ఇవే ప్రశ్నలు వేరే దారి చూపిస్తాయి, వాళ్లకు బొమ్మల క్లాసో, చదరంగమో సరిగ్గా సరిపోవచ్చు కూడా.

ఊళ్లో రీసర్వే తప్పుల సవరణలు ఒక కొలిక్కి వస్తే కాయితాలు తగ్గుతాయి. అది మూర్తిగారికి ఇప్పటినుంచే తెలుసు, ఆయనే ఆ మాట ఎత్తారు. కొత్త పని ఏదీ ముందే ఎంచిపెట్టుకోవద్దని, తగ్గడం మొదలైన వారంలో అలారం పుస్తకం మళ్లీ తెరిచి, ఖాళీ గడులు ఎక్కడ పడ్డాయో ఇద్దరం చూద్దామని అనుకున్నాం.